తువ్వాలు కింద

కలెక్టరాఫీసు వాళ్లు ముందురోజే వచ్చి
మిర్చి యార్డులో సున్నం గీతలు గీసిపోయారు.
అంబాసిడర్ వస్తోందంటే
కారనుకున్నాడు మా వాచ్‌మన్ కోటయ్య.
కాదు, రాయబారి, పెద్ద మేడం, అన్నారు.
మన హమాలీ యోహాను కూతురు ఎస్తేరు, అన్నాను నేను.
ఆ ముక్క ఎవరూ రాసుకోలేదు.

యోహాను చేతిలో కొక్కెం, నా భుజాన తువ్వాలు.
అతను బస్తా మోస్తే నేను ధర మోసేవాణ్ణి.
బస్తాకు ముప్పావలా అతనికి.
నాకు నెల జీతం, పండక్కి పంచె.

అమ్మేవాడి తరఫున నా చెయ్యి,
కొనేవాడిది ఒక చెయ్యి, పైన తువ్వాలు.
ఒక వేలు పట్టుకుంటే నూరు,
రెండు కలిపి పట్టుకుంటే రెండు నూర్లు,
అరచేతిలో గోరు గీస్తే పావు,
మణికట్టు దగ్గర గిల్లితే
మర్యాదగా చెప్పవయ్యా అని.
చుట్టూ వందమంది దగ్గుతూ నిలబడి
మా మొహాలు చదవాలని చూసేవాళ్లు.
మొహాల్లో ఏముంటుంది?
రాత్రి తిన్న పప్పుచారు.

అయ్యకు క్యారేజీ తెచ్చేది ఆ పిల్ల,
గౌను అంచు ముక్కుకు అడ్డం పెట్టుకుని.
సన్నాల బస్తా మీద కూర్చుని ఎక్కాలు రాసుకునేది.
ఒకరోజు అడిగింది,
"సిలారు బాబాయ్, లోపల ఏం మాట్లాడుకుంటారు?"
చెయ్యి పెట్టమన్నాను.
చిన్న చెయ్యి, సిరా మరకలతో.

నేను చెప్పింది ఎంత?
మొదటి అంకె నీ నోట రాకూడదు.
వద్దన్నప్పుడు కూడా చెయ్యి వదలకూడదు.
లేచిపోయేవాడి చెప్పులు చూడు,
అవి కాళ్లకెక్కేదాకా బేరం బతికే ఉన్నట్టు.

ఏ.సి. కాలేజీ అయింది, ఢిల్లీ పరీక్ష అయింది,
ఒకసారి పోయి రెండోసారి వచ్చింది.
యోహాను స్వీట్లు పంచలేదు,
ఆ రోజు నలభై బస్తాలు ఎక్కువ మోశాడు.
లుసాకా నుంచి ఉత్తరం: మూడో కార్యదర్శినయ్యాను.
అంకారా నుంచి: రెండో కార్యదర్శినయ్యాను.
తర్వాత మొదటి.
"ఇదేం లెక్కరా సిలారూ,
పైకి పోయేకొద్దీ అంకె తగ్గుద్దీ?"
అని నవ్వి నవ్వి దగ్గాడు.
ఆ దగ్గు తర్వాత ఆగలేదు.
అతన్ని మట్టిలో పెట్టే రోజున
ఆమె విమానం ఏదో మంచు ఊళ్లో నిలిచిపోయింది.

ఒక అర్ధరాత్రి ఫోను.
ఎక్కడో రేవులో పట్టుబడ్డ ఓడ,
మనవాళ్లు పందొమ్మిదిమంది.
ముప్పై గంటలు బల్లకు అటూ ఇటూ కూర్చున్నారంట.
"వాళ్ల పెద్దమనిషి మూడుసార్లు లేచాడు బాబాయ్."
"చెప్పులు చూశావా?"
"బూట్లు. లేసులు కట్టుకోలేదు."
"అయితే ఇంకేం."
"పద్దెనిమిదిమంది వచ్చారు."
ఆ ఒక్కడి మాట ఆమె చెప్పలేదు, నేను అడగలేదు.
లైను చాలాసేపు అట్లాగే ఉంది,
వదలని చెయ్యిలాగా.

ఆనక పేపర్లో ఫొటో.
గుర్రబ్బండి దిగి, ఏదో దేశాధ్యక్షుడికి
రెండు చేతులా కవరు అందిస్తోంది.
మా పేటలో రాయబారమంటే
తెల్లార్లూ హార్మోనియం పక్కన పద్యం ఎత్తడం.
ఈమె పెదవి కూడా విప్పలేదు.
అందరూ చీర చూశారు, నేను వేళ్లు చూశాను.

ఇవాళ వచ్చింది.
ధరలు తెర మీద ఎట్లా పడతాయో
ఆఫీసర్లు ఆడించి చూపించారు.
బాగుంది, బాగుంది అని తలూపి,
"తువ్వాలుందా బాబాయ్?"

పరిచాను. లోపల చెయ్యి పెట్టింది.
మూడు వేళ్లు పట్టుకుంది.
మూడు నూర్లా, అని కనుబొమ్మ ఎత్తాను.
కాదంటూ అరచేతిలో గోరు గీసింది,
నెమ్మదిగా, పావు.
మూడు పావులు.

సూట్ల వాళ్లంతా మా మొహాలు చదవాలని చూశారు.
ఆమెది ఆమె దాచుకుంది,
జీతం ఇచ్చేది అందుకే గదా.
నాదే.
మే నెల, యార్డుకు సెలవులు.
అంతా ఊడ్చేశారు, ఒక్క తొడిమ లేదు,
ఘాటు మీదకు నెట్టేద్దామన్నా.